బకెట్ నిండా మేకులే, నాణెం ఒక్కటీ లేదు

ప్రశ్న: మేం నెబ్రాస్కాలోని ఒమాహాలో ఉంటున్నాం. నాతో పనిచేసే ఆయన మేనమామకి ఇక్కడికి రెండు గంటల దూరంలో పొలం ఉంది. అందులో ఒక మూల 1880ల్లో హోమ్‌స్టెడ్ (సాగు చేసేవాళ్ళకి ప్రభుత్వం భూమి ఇచ్చే పథకం) కింద వచ్చిన పాత ఇంటి స్థలం. ఇల్లు ఎప్పుడో పడిపోయింది. కొన్ని పునాది రాళ్ళు, నాలుగు చెట్లు మిగిలాయి. పెద్దాయన "వెతుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. పాత నాణేల కోసం గారెట్ ఏస్ 300 అనే మెటల్ డిటెక్టర్ కొని రెండు శనివారాలు వెళ్ళాను. బకెట్ నిండా తుప్పు మేకులు, రెండు పుల్ ట్యాబ్‌లు (డ్రింక్ డబ్బాల మూత లాగే రింగులు) తప్ప ఏమీ రాలేదు. మెషీన్ మార్చాలా? అసలు ఎక్కడ వెతకాలి? దొరికితే ఎలా కడగాలి? చట్టం సంగతేమిటి? కరీంనగర్‌లో ఉన్న మా బావమరిది "వచ్చేటప్పుడు ఆ మెషీన్ పట్టుకురా, మన ఊరి పాటిదిబ్బ మీద తిప్పుదాం" అంటున్నాడు. మా తొమ్మిదేళ్ళ అబ్బాయి కూడా పొలానికి వస్తానని గొడవ చేస్తున్నాడు.
— ఒక పాఠకుడు, ఒమాహా

సమాధానం: మెషీన్ మార్చకండి. మీకొచ్చిన ఇబ్బందిని నాలుగు రెట్లు ఖరీదైన మెషీన్ తగ్గించగలదు గాని, తీసేయలేదు. మీరు రెండు శనివారాలూ తిరిగింది మేకుల చాప మీద. చెక్క ఇల్లు కూలినా, తగలబడినా కలప పోతుంది, మేకులు మాత్రం ఎక్కడివక్కడ మట్టిలో దిగబడి ఉంటాయి. నాణేలు ఉంటే వాటి మధ్యే ఉన్నాయి. మీ మెషీన్‌కి అవి వినబడలేదంతే.

ముందు ఆ బకెట్ పారబోయకండి. ఒక పది మేకులు తీసి, తుప్పు రాలగొట్టి కాండం చూడండి. ఇప్పటి మేకులా గుండ్రంగా ఉంటే అది తీగ మేకు. పలకలుగా ఉండి, రెండు వైపుల నుంచి సన్నబడుతూ మొండి మొనతో ముగిస్తే అది రేకు నుంచి కోసిన పాత మేకు. అమెరికాలో 1890ల దాకా ఎక్కువగా ఈ పలక మేకులే వాడారు, ఆ తర్వాత తీగ మేకులు వాటిని తోసేశాయి. బకెట్‌లో పలకవి ఎక్కువుంటే మీరు నిలబడింది మొదటి తరం కట్టడం మీద. గుండ్రనివే ఉంటే అది తర్వాత కట్టిన ఇల్లో, కొట్టమో, కోళ్ళగూడో కావచ్చు. ఏ మూల ఏ రకం వచ్చిందో ఒక కాగితం మీద గీసుకుంటే ఇంటి నక్షా దానంతటదే తేలుతుంది.

ఇక మేకు నాణేన్ని ఎలా దాచేస్తుందంటే, కాయిల్ (మెషీన్ కింది చివర ఉండే, నేల మీద ఊపే పళ్ళెం) కింద ఉన్న లోహాలన్నీ కలిపి ఒకే జవాబు ఇస్తాయి. వెండి డైమ్ (పది సెంట్ల నాణెం) ఒక్కటే ఉంటే జవాబు స్పష్టంగా పై స్వరంలో వస్తుంది. పక్కన రెండు అంగుళాల్లో ఇనుప మేకు ఉంటే రెండూ కలిసి జవాబు ఇనుము వైపు లాగబడుతుంది. మీరు "కాయిన్స్" మోడ్‌లో పెట్టి ఉంటారు. ఆ మోడ్ ఇనుమును వినపడనివ్వదు, దాంతో మేకుతో పాటు డైమ్ కూడా మూగబోతుంది. నిశ్శబ్దంగా ఉన్న చోట ఏమీ లేదనుకుని మీరు దాటిపోయారు. పాత ఇంటి స్థలంలో మెషీన్ నిశ్శబ్దాన్ని నమ్మకూడదు.

అందుకే ఈసారి జీరో డిస్క్రిమినేషన్‌లో, అంటే ఏ లోహాన్నీ వడకట్టని మోడ్‌లో పెట్టండి. కింది స్వరంలో గొణుగుడు ఆగకుండా వస్తుంది. అరగంట చిరాకుగా ఉంటుంది, తర్వాత చెవికి అలవాటవుతుంది. ఆ గొణుగుడు మధ్యలో ఒక్క క్షణం పై స్వరం తునకలా వినిపిస్తే అక్కడ ఆగండి. సెన్సిటివిటీ పూర్తిగా పైకి పెట్టకండి. మేకుల నేలలో పైకి తోసినకొద్దీ పక్కనున్న ఇనుమును కూడా లాక్కొస్తుంది గాని, లోతు పెద్దగా పెరగదు. గరిష్ఠం నుంచి రెండు మూడు మెట్లు దించండి.

డబ్బు పెట్టాలనిపిస్తే కాయిల్ మీద పెట్టండి. మీ మెషీన్‌తో వచ్చింది 7×10 అంగుళాల కాన్సెంట్రిక్ (ఒకదాని లోపల ఒకటి తీగచుట్టలున్న) కాయిల్. దాని కింద ఒకేసారి అరడజను మేకులు పడతాయి. ఏస్ వరసకి 5×8 డీడీ కాయిల్ (డీ అక్షరం ఆకారపు రెండు చుట్టలున్నది), 4.5 అంగుళాల గుండ్రటి కాయిల్ విడిగా దొరుకుతాయి. చిన్నదానికి లోతు కొంత తగ్గుతుంది, కానీ పాత పెరళ్ళలో నాణేలు చాలావరకు 3 నుంచి 7 అంగుళాల లోపే ఉంటాయి కాబట్టి నష్టం తక్కువ. డీడీ కాయిల్ మేకుల మధ్య ఉన్నదాన్ని బాగా విడదీస్తుంది. అయితే పల్చటి రేకు ముక్కల దగ్గర, సీసా మూతల దగ్గర అది కాన్సెంట్రిక్ కన్నా ఎక్కువ మోసపోతుంది. ఒకటి గెలిస్తే ఇంకొకటి ఓడే వ్యవహారం ఇది. మీ స్థలానికైతే డీడీ నయం.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. ఇంట్లో వద్దు, గోడల్లో వైర్లు, నేలలో ఇనుప చువ్వలు అడ్డొస్తాయి. పెరట్లో ప్లాస్టిక్ బల్ల మీద ఒక అట్ట వేసి, మధ్యలో డైమ్ పెట్టండి. దానికి రెండు అంగుళాల దూరంలో చుట్టూ మీ బకెట్‌లోని మేకులు నాలుగు, ఒక్కోటి ఒక్కో దిక్కుకి తిప్పి పెట్టండి. కాయిల్‌ని నాలుగు అంగుళాల ఎత్తులో ఊపండి. తర్వాత అట్టని కొంచెం కొంచెంగా తిప్పుతూ మళ్ళీ ఊపండి. ఒక కోణంలో డైమ్ గణగణమంటుంది, మరో కోణంలో చచ్చినా పలకదు. పొలంలో జరిగేదీ అదే. కాబట్టి ఒకే చోటును ఉత్తర దక్షిణాలుగా ఒకసారి, తూర్పు పడమరలుగా ఇంకోసారి నడవాలి. ఓపిక ఉంటే మూలల వైపు మూడోసారి.

పెరడంతా తిరగకుండా, నాలుగు గుంజలు కొట్టి తాడుతో 10 అడుగుల చదరం గీసుకోండి. చక్రాలున్న అయస్కాంతపు పట్టీ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. ముందు దాన్ని తిప్పి పైపై మేకులు ఏరేయండి. తర్వాత కాయిల్‌ని నేలకి అంగుళం ఎత్తులో, సమానంగా ఉంచి ఊపండి. చాలామంది ఊపు చివర్లో చీపురు ఊడ్చినట్టు కాయిల్‌ని పైకి లేపుతారు. లోతున్నవి అక్కడే తప్పిపోతాయి. మూడడుగుల ఊపుకి రెండు మూడు సెకన్లు పట్టాలి, ఒక ఊపు మీద ఇంకో ఊపు సగం పడాలి. ఆ చదరానికి గంట పడితే ఆ గంట దండగ కాదు.

పై స్వరం వచ్చిన ప్రతిచోటా తవ్వితే మళ్ళీ బకెట్ నిండుతుంది. వంగిన మేకు, పాత రేకు డబ్బా, గుర్రపు లాడం, ఇవి కూడా పై స్వరం పలికిస్తాయి. తేడా పట్టాలంటే స్వరం వచ్చిన చోట కాయిల్‌ని చిన్నగా అటూ ఇటూ ఆడించి, మీరు 90 డిగ్రీలు పక్కకి జరిగి మళ్ళీ ఆడించండి. నాణెమైతే రెండు వైపుల నుంచీ అదే చోట, తెర మీద దాదాపు అదే అంకెతో పలుకుతుంది. మేకైతే రెండోసారి స్వరం మాయమవుతుంది, లేదా జానెడు పక్కకి జరుగుతుంది. కాయిల్‌ని కొంచెం పైకి ఎత్తి చూడండి. నాణెం పలుకు వెంటనే సన్నబడుతుంది. అడుగు ఎత్తులో కూడా గట్టిగా అరిస్తే అది నాగలి ముక్కో, కిరోసిన్ డబ్బానో. మేకుల నేలలో మాత్రం ఒక మినహాయింపు ఉంది. పక్కన మేకున్న నాణెం ఒక వైపు నుంచే పలకొచ్చు. ఆ ఒక్క పలుకు చిన్నగా, గుండ్రంగా, ప్రతి ఊపుకీ తప్పకుండా వస్తుంటే తవ్వండి.

అంకెల సంగతి: ఏస్ 300 లోహాన్ని బట్టి తెర మీద 0 నుంచి 99 దాకా అంకె చూపిస్తుంది. వెండి డైమ్, క్వార్టర్లు (పాతిక సెంట్లు) 80 పైన పడతాయి. నికెల్ (ఐదు సెంట్లు) 50ల దగ్గర పడుతుంది, దురదృష్టవశాత్తు పుల్ ట్యాబ్‌లదీ అదే ఇల్లు. ఇండియన్ హెడ్ సెంట్లు, 1982 నుంచి వచ్చిన జింక్ సెంట్లు కూడా ఒకే చోట కలుస్తాయి. పట్నం పార్కులో ఆ అంకె వస్తే వదిలేయొచ్చు. మీ స్థలంలో వదలకండి, అక్కడ మనుషులు 1982కి చాలా ముందే వెళ్ళిపోయారు కదా. పుల్ ట్యాబ్‌లు 1960ల్లో మొదలైనవి. అవి వచ్చిన చోట, బహుశా చెట్టు కింద, కోత కూలీలో వేటగాళ్ళో కూర్చుని డబ్బాలు తాగి ఉంటారు. లోతుని బట్టి కూడా తేలుతుంది, ట్యాబ్ పైన ఉంటుంది. ఏ నాణేల షాపులోనైనా బాగా అరిగిన ఇండియన్ హెడ్ సెంట్, తేదీ చెరిగిన బఫెలో నికెల్, అరిగిన మెర్క్యురీ డైమ్ తలా ఒకటి కొని, మీ మెషీన్ మీద ఏ అంకె చూపిస్తుందో రాసుకోండి. పెద్ద ఖర్చు కాదు. పక్కవాడి మెషీన్ అంకెలు మీకు పనికిరావు.

ఇప్పుడు ఎక్కడ వెతకాలో చూద్దాం. ఇంటి పునాది లోపల ఆఖరికి వెతకాలి, అక్కడే మేకులు అన్నిటికన్నా ఎక్కువ. నాణెం జారేది మనిషి వంగిన చోట, ఎక్కి దిగిన చోట, బరువు మోసిన చోట. ఇంటి గుమ్మం నుంచి బావికి వెళ్ళే దారి, గుమ్మం నుంచి మరుగుదొడ్డికి వెళ్ళే దారి, బట్టలారేసిన తీగ కింద, బండి ఆపి దిగే చోట, గేటు గుంజల దగ్గర, నీడనిచ్చే పెద్ద చెట్టు చుట్టూ పదిహేను అడుగుల్లో ముందు వెతకండి. తీగ గుంజల మొదళ్ళు ఇంకా ఉండొచ్చు. గాలిమర కాళ్ళ కాంక్రీటు కనబడితే బావి అక్కడే.

మొక్కలు కూడా జాడ చెబుతాయి. ఎవరూ నీళ్ళు పోయకపోయినా లైలాక్ పొదలు, ఐరిస్ దుంపలు, డే లిల్లీలు దశాబ్దాల తరబడి బతుకుతాయి. వాటిని ఇల్లాలు నాటేది ముందు గుమ్మం పక్కనో, నడకదారి అంచునో. వసంతంలో వరసగా పూసిన ఐరిస్‌లు కనబడితే ఆ వరస వెంటే వెతకండి. దేవదారు చెట్లు తిన్నని వరసలో ఉంటే అది గాలి అడ్డుకట్ట. ఇల్లు సాధారణంగా దానికి దక్షిణాన, తూర్పున ఉంటుంది, ఎందుకంటే నెబ్రాస్కా చలిగాలి ఎక్కువగా ఉత్తర, వాయవ్యాల నుంచి కొడుతుంది.

ఇంకో సంగతి మీకు చాలా పనికొస్తుంది. చెట్లు లేని ఆ మైదానాల్లో వచ్చినవాళ్ళు మొదటే చెక్క ఇల్లు కట్టలేదు. గడ్డి వేళ్ళతో సహా నేలను పట్టీలుగా కోసి, ఇటుకల్లా పేర్చి మట్టిగడ్డల ఇల్లు కట్టుకునేవారు. కొందరు వాగు గట్టునే తొలిచి అందులో ఉండేవారు. కొన్నేళ్ళకి చేతిలో డబ్బాడితే పక్కనో, దూరంగానో చెక్క ఇల్లు లేపేవారు. మీరు చూసిన పునాది రాళ్ళు బహుశా ఆ రెండో ఇంటివి. మొదటి ఇల్లు కరిగిపోయి, గడ్డి మొలిచిన చిన్న తిన్నెగానో, వాగు వైపు వాలులో గుంటగానో మిగిలి ఉంటుంది. దానికి మేకులు బాగా తక్కువ పట్టాయి. అంటే పాత నాణేలు, తక్కువ ఇనుము. ఇంతకంటే మంచి చోటు ఆ పొలంలో లేదు. పైగా చాలామందికి అది కనబడదు.

అది ఎక్కడుందో కాగితాలు కొంత చెబుతాయి. 1862 మే 20న లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాలు తీసుకున్నవాడు ఐదేళ్ళు అక్కడే ఉండి, ఇల్లు కట్టి, సాగు చేసి, చివరికి ఇద్దరు సాక్షులతో రుజువు చేసుకోవాలి. ఆ రుజువు పత్రాల్లో ఎప్పుడు వచ్చి కాపురం పెట్టారు, ఇల్లు ఎన్ని అడుగులు, బావి ఉందా, ఎన్ని ఎకరాలు దున్నారు అన్నీ ఉంటాయి. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వారి జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డుల సైట్‌లో కౌంటీ, టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ (భూమి సర్వే గుర్తులు) కొడితే పట్టా ఉచితంగా కనబడుతుంది. పట్టాలో ఉన్న వివరాలతో పూర్తి ఫైలు నేషనల్ ఆర్కైవ్స్‌లో దొరుకుతుంది, నెబ్రాస్కావి చాలావరకు డిజిటల్ అయ్యాయి. కౌంటీ పాత ప్లాట్ మ్యాపుల్లో (ఎవరి భూమి ఎక్కడో చూపేవి), యూఎస్‌జీఎస్ అనే ప్రభుత్వ సర్వే సంస్థ పాత టోపో మ్యాపుల్లో ఇల్లు చిన్న నల్ల చుక్కగా ఉంటుంది. 1930ల చివర్లో తీసిన వ్యవసాయ శాఖ విమానం ఫోటోలు దొరికితే చెట్ల వరస, బండి దారి కూడా కనబడతాయి. ఆ బండి దారి ఇప్పుడు దున్నిన పొలంలో కలిసిపోయి ఉంటుంది, అదీ వెతకాల్సిన చోటే.

పట్టా తేదీ తెలిస్తే ఏ నాణేలు ఆశించాలో తెలుస్తుంది. ఉదాహరణకి 1887లో పట్టా వస్తే 1882 ప్రాంతంలో కాపురం పెట్టి ఉంటారు. అప్పుడు జేబుల్లో ఉన్నవి ఇండియన్ హెడ్ సెంట్లు (1859–1909), షీల్డ్ నికెళ్ళు (1866–1883), లిబర్టీ నికెళ్ళు (1883–1912), సీటెడ్ లిబర్టీ డైమ్‌లు (1891 దాకా). తర్వాత బార్బర్ డైమ్, క్వార్టర్, హాఫ్ (యాభై సెంట్లు) 1892 నుంచి, లింకన్ వీట్ సెంట్ 1909 నుంచి 1958 దాకా, బఫెలో నికెల్ 1913–1938, మెర్క్యురీ డైమ్ 1916–1945. 1964 దాకా డైమ్, క్వార్టర్, హాఫ్‌లలో 90 శాతం వెండి. 1943 సెంట్ మాత్రం ఉక్కుది, మెషీన్‌కి అది ఇనుములా వినబడుతుంది.

లంకెబిందెల ఆశ ఉంటే ఇక్కడే దించేయండి. వీళ్ళ దగ్గర నగదు చాలా తక్కువ, పడిపోయిన ఐదు సెంట్లని మోకాళ్ళ మీద వెతుక్కునేవారు. నాణేనికి ముందు మీకు దొరికేవి ఓవరాల్ గుండీలు, పట్టీ బకిళ్ళు, గుర్రపు జీను రివెట్లు, షాట్‌గన్ తూటాల ఇత్తడి అడుగులు, మౌత్ ఆర్గన్ రేకులు, అంగుస్తానాలు. ఇవి రావడం మొదలైతే చోటు సరైనదే. ఊరి దుకాణం వాళ్ళు ఇచ్చిన ఇత్తడి, అల్యూమినియం టోకెన్లు వస్తే పారేయకండి. చిన్న ఊళ్ళవి కొన్ని వెండి డైమ్ కంటే ఎక్కువ పలుకుతాయి.

తవ్వడం గురించి క్లుప్తంగా. మెషీన్ మీది పిన్‌పాయింట్ బటన్‌తో వస్తువు మధ్య పట్టుకుని, దాని చుట్టూ నాలుగంగుళాల దూరంలో గుర్రపు లాడం ఆకారంలో మూడు వైపులే కోయండి. నాలుగో వైపు గడ్డి వేళ్ళు తెగకూడదు, అప్పుడే మళ్ళీ మూసినప్పుడు బతుకుతుంది. పంటి అంచున్న చేతి తవ్వుకోల మంచిది. తోటపని తాపీలు వంగిపోతాయి. మట్టి ఒక గుడ్డ మీద పోసి, చేతి పిన్‌పాయింటర్‌తో (గుంతలో పెట్టి చూసే చిన్న డిటెక్టర్) ముందు మట్టిపెళ్ళలో, తర్వాత గుంత గోడల్లో చూడండి. నాణేన్ని గీసేసేవాళ్ళలో చాలామంది పిన్‌పాయింటర్ లేక కోల మొనతో కెలికేవాళ్ళే. రెండో కాయిల్ కన్నా ముందు ఇదే కొనండి. తీశాక గుంతలో మళ్ళీ కాయిల్ తిప్పండి, ఒకదాని కింద ఇంకొకటి ఉండటం, మేకు తీశాక డైమ్ పలకడం మామూలే. వాన పడి రెండ్రోజులైన నేల శ్రేష్ఠం. తడికి పలుకు మెరుగవుతుంది, కోత నలగదు. జులై ఎండలో కోసిన గడ్డి వారానికల్లా ఎండి గుండ్రటి మచ్చ అవుతుంది, పెద్దాయన అది చూశాక మళ్ళీ రానివ్వరు. గడ్డి పడిపోయి ఉండే ఏప్రిల్ మొదలు, పంట కోశాక నేల గడ్డకట్టేలోపు ఉన్న వారాలు మీకు అనువు.

నాణెం బయటపడగానే బొటనవేలితో రుద్ది తేదీ చూడాలని ప్రాణం లాగుతుంది. వేలికీ నాణేనికీ మధ్య ఉన్నది ఇసుక. ఆ ఒక్క రుద్దుతో పడ్డ గీత ఇక పోదు. దూది పెట్టిన చిన్న డబ్బాలో వేసి ఇంటికి తెచ్చుకోండి. వెండిని డిస్టిల్డ్ నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, నీటి ధార కింద కడిగి, మెత్తటి గుడ్డతో అద్దండి, తుడవకండి. రాగి సెంట్లని అసలు తడపకుండా ఆరనిచ్చి, రాలే మట్టిని చెక్క పుల్లతో నెమ్మదిగా తీయండి. పైన ఉన్న పచ్చటి పొర కింద లోహం తినేసి ఉంటుంది, పొర పోతే బొమ్మ కూడా పోతుంది. నికెల్ ఎర్రగా వస్తే కంగారు పడకండి. అందులో 75 శాతం రాగే, మట్టిలో ఆ రంగు బయటికి వస్తుంది. ఇత్తడి బిందెకి చేసినట్టు చింతపండు, పీతాంబరి, నిమ్మకాయ, బేకింగ్ సోడా, అల్యూమినియం ఫాయిల్ ఏవీ పెట్టకండి. తళతళలాడే పాత నాణేన్ని చూడగానే కొనేవాడు ధర తగ్గిస్తాడు, నాణేల నాణ్యత తేల్చే గ్రేడింగ్ సంస్థలు శుభ్రం చేసినట్టు రాసి ఇస్తాయి. 1877 ఇండియన్ హెడ్, కింద ఎస్ అక్షరమున్న 1909 సెంట్, డీ అక్షరమున్న 1916 మెర్క్యురీ డైమ్ లాంటివి కనబడితే నీళ్ళు కూడా పోయకుండా తెలిసినవారికి చూపించండి.

చట్టం మాట. ప్రైవేటు పొలంలో యజమాని అనుమతే ముఖ్యం. అయితే మీ పెద్దాయన నోటిమాట చాలదు. ఒక పేజీ కాగితం రాసుకోండి: ఏ తేదీల్లో, పొలంలో ఏ భాగంలో, దొరికినవి ఎవరికి ఎంత, పేరు చెక్కిన ఉంగరం లాంటి కుటుంబ వస్తువులు వాళ్ళకే, గుంతలు పూడ్చడం మీ బాధ్యత. భూమి అన్నదమ్ముల ఉమ్మడిదైతే అందరి సంతకాలు, కౌలుకి ఇచ్చి ఉంటే కౌలుదారుకి కబురు. తిరిగే నీటి యంత్రానికి కరెంటు కేబుల్ భూమిలోంచే వెళ్తుంది, ఎటు వెళ్తుందో ఆయన్నే అడగండి. 811కి ఫోన్ చేస్తే కంపెనీల లైన్లకి గుర్తులు పెడతారు గాని, పొలం సొంత లైన్లకి పెట్టరు. సమాధి రాయి గాని, ఎముక గాని కనబడితే తవ్వడం ఆపి షెరిఫ్‌కి చెప్పాలి. గుర్తు లేని సమాధులకి నెబ్రాస్కాలో 1989 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. కంచె దాటి ప్రభుత్వ భూమిలోకి పోకండి. ఫెడరల్ భూముల్లో వందేళ్ళు దాటిన పురావస్తువుల్ని తీయడం 1979 చట్టం ప్రకారం నేరం. నేషనల్ పార్కుల్లో మెషీన్ వాడటమే నిషేధం. మొట్టమొదట హోమ్‌స్టెడ్ వేసినవాళ్ళలో ఒకరైన డేనియల్ ఫ్రీమన్ స్థలం మీ రాష్ట్రంలోనే, బియాట్రిస్ దగ్గర ఉంది. అది ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంది. అబ్బాయికి చూపించండి, మెషీన్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళండి.

బావమరిది గారికి మాత్రం కుదరదని చెప్పేయండి. మన దగ్గర 1878 నిధుల చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దాగినది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలపాలి, దాస్తే జైలు, జరిమానా ఉన్నాయి. సొంత పొలమైనా ఇంతే. పైగా పాటిదిబ్బ అంటే హోమ్‌స్టెడ్‌లా నూటనలభై ఏళ్ళ ఇల్లు కాదు, వెయ్యీ రెండు వేల ఏళ్ళ ఊరు పొరలు పొరలుగా ఉండొచ్చు. ఆయన కరీంనగర్ వైపే ఉన్న కోటిలింగాలలో దొరికిన తొలి శాతవాహన రాజు సిముకుడి నాణేలే శాతవాహనుల మొదళ్ళ చర్చని మార్చాయి. అలాంటి నాణెం ఏ పొరలో, ఏ కుండపెంకుల పక్కన ఉందన్నదే దాని విలువలో సగం. గుప్తనిధుల తవ్వకాలని పోలీసులు ఎలా చూస్తారో మీకంటే ఆయనకే బాగా తెలుసు.

అబ్బాయిని తీసుకెళ్ళొచ్చు. కానీ ఒక పని ముందు అయిపోవాలి. ఆ స్థలంలో చేత్తో తవ్విన బావి ఒకటి కచ్చితంగా ఉండేది, వాననీటి తొట్టి కూడా ఉండొచ్చు. వాటి మీద వేసిన పలకలు ఈపాటికి పుచ్చిపోయి, పైన గడ్డి పట్టి, మామూలు నేలలా కనబడతాయి. పూడ్చారో లేదో పెద్దాయన్ని అడగండి. ఆయనకి తెలియకపోతే నాలుగడుగుల ఇనుప చువ్వతో ముందు పొడుస్తూ, పొడిచిన చోటే అడుగేస్తూ ఇంకో పెద్దమనిషి తోడుండగా స్థలమంతా నడవండి. నేల పల్లంగా ఉన్నా, అడుగు కింద డొల్ల శబ్దం వచ్చినా నాలుగు గుంజలు పాతి, నారింజ రంగు టేపు చుట్టండి. మరుగుదొడ్డి గుంటలోకి దిగి తవ్వకండి, పక్కలు విరిగి పడతాయి. ముళ్ళతీగ ముక్కలుంటాయి కాబట్టి అబ్బాయికి చీలమండ దాటే బూట్లు, మందపాటి చేతి తొడుగులు ఉండాలి. ఇంటికొచ్చాక చెవుల వెనక, మోకాళ్ళ మడతల్లో టిక్ పురుగులున్నాయేమో చూడండి. పునాది రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టొద్దని ముందే చెప్పండి, ఆగ్నేయ మూలల్లో టింబర్ రాటిల్‌స్నేక్, పడమట ప్రెయిరీ రాటిల్‌స్నేక్ ఉంటాయి. పిన్‌పాయింటర్ వాడి చేతికే ఇవ్వండి, గుంతలో నాణెం వెతికే పని పిల్లలు మనకంటే బాగా చేస్తారు. బావి ఎక్కడుందో తేలేదాకా మాత్రం వాడు కారు దిగకూడదు.